నిద్రపోయిన రోజే వంట

కనకరత్నానికి అక్కి లేచింది 2002 ఫిబ్రవరిలో. ఎడమవైపు వెన్ను దగ్గర మొదలైన నీటిపొక్కులు పక్కటెముకల వెంట ముందుకి పాకి, రొమ్ము కింద దాకా వరసకట్టాయి. భర్త తాతారావు ఆమెని రిక్షాలో కుమ్మరి వాళ్ళింటికి తీసుకెళ్ళి పొక్కుల మీద జాజు ఎర్రమట్టితో అక్కి రాయించాడు. వేపాకు పెట్టమన్నవాళ్ళు పెట్టమన్నారు, పథ్యం చెప్పినవాళ్ళు చెప్పారు. మూడు వారాలకి పొక్కులు మాడి పెచ్చులు రాలిపోయాయి. గులాబీ రంగు మచ్చలు మిగిలాయి.

నొప్పి మాత్రం పోలేదు. పొక్కులు ఉన్నప్పటికంటే ఎక్కువైంది.

కాలిన అట్లకాడ ఆనించి తీస్తున్నట్టు ఉండేది. జాకెట్టు అంచు తగిలితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. చివరికి ఫ్యాను గాలి కూడా ఓర్చుకోలేకపోయింది. మే నెల ఉక్కలో ఫ్యాను ఆపి పడుకుంటానంటే తాతారావు చాప చంకన పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళినందుకు ఆమె ఏమీ అనుకోలేదు. మంచమంతా తనకే మిగిలింది. దాని మీద ఎటు తిరిగినా నిద్ర మాత్రం లేదు.

వాళ్ళది గుడ్లవల్లేరు. ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్ళు ఇరవై ఎనిమిది మందికి కనకరత్నం ఇంట్లోనే మెస్సు నడిపేది. పొద్దున్న టిఫిను, మధ్యాహ్నం క్యారేజీలు, రాత్రి భోజనం. ఏళ్ళ తరబడి నాలుగింటికి లేచి ఇడ్లీ పొయ్యి వెలిగించిన మనిషి, ఆ వేసవిలో నాలుగయ్యేదాకా కళ్ళు తెరుచుకునే ఉండేది. సాంబారులో ఉప్పు రెండుసార్లు పడేది, లేకపోతే అసలు పడేదే కాదు. ఒకరోజు గంజి వారుస్తూ నిలబడే కునికింది. గిన్నె జారి మరిగే గంజి పాదం మీద పడింది.

ఆ పాదం చూసి అందరూ జాలిపడ్డారు. బొబ్బ కనబడుతోంది మరి. గుడివాడ నుంచి తాతారావు అక్క ప్రభావతి పళ్ళు పట్టుకుని చూడ్డానికి వచ్చింది.

"అయ్యో, ఎంత కాలిందే రత్నం!"

"కాలిది మానిపోతుంది వదినా. ఈ పక్కలో మంటే నన్ను తినేస్తోంది. రెండు గంటలు వరసగా నిద్రపోయి మూడు నెలలైంది."

"అక్కి తగ్గిపోయిందిగా, ఇంకా నొప్పేంటి? దాని గురించే తల్చుకుంటూ కూర్చుంటే నొప్పి లేకపోయినా వస్తుంది. ఈ వయసులో నిద్ర తగ్గుతుందిలే. ఆడదన్నాక కాస్త ఓర్చుకోవాలి."

కనకరత్నం పాదానికి రాసుకుంటున్న మందు పక్కన పెట్టింది.

"ఓర్చుకున్నా వదినా. నాకున్న ఓర్పంతా అయిపోయింది. రేపు పాసింజరెక్కి బందరు వెళ్తున్నా."

బందరులో డాక్టర్ సబీహా అనే ఆవిడ దగ్గరికి వెళ్ళింది. అప్పటికే చూపించుకున్న ఇద్దరు డాక్టర్లు నొప్పి ఎక్కడని అడిగారు, ఎప్పటి నుంచని అడిగారు. ఈవిడ మచ్చలు చూసి, వేలు ఆనించకుండానే చెయ్యి వెనక్కి తీసుకుని, "రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారమ్మా?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. కనకరత్నం చెప్పడం మొదలుపెడితే పావుగంట పట్టింది. డాక్టరు మధ్యలో ఆపలేదు.

"పైన చర్మం మానింది గానీ లోపల నరం దెబ్బతింది. దెబ్బతిన్న నరం ఊరికే మంట పుట్టిస్తుంది. ఇది మీరు కల్పించుకున్నది కాదు."

"తగ్గుద్దా అండీ?"

"పూర్తిగా తగ్గుతుందని మాటివ్వలేను. కొందరికి నెలలు, కొందరికి ఏళ్ళు. కానీ నొప్పి తగ్గాక నిద్రపోదామని కూర్చోకండి. నిద్ర లేకపోతే ఈ నొప్పి ఇంకా పెరుగుతుంది. ముందు నిద్ర సంగతి చూద్దాం."

రాత్రి ఎనిమిదింటికి వేసుకోమని ఒక చిన్న మాత్ర రాసిచ్చింది. నొప్పి ఉన్నా లేకపోయినా రోజూ అదే టైముకి వేసుకోవాలంది, పని చెయ్యడానికి రెండు వారాలు పట్టొచ్చంది. రోజూ ఒకే వేళకి పడుకోమంది. పడుకున్న కాసేపటికి నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లొద్దు, లేచి కూర్చుని ఏదైనా చిన్న పని చేసుకుని, కళ్ళు మూతలు పడుతుంటేనే మళ్ళీ మంచమెక్కమంది.

కనకరత్నం ఇంటికొచ్చి ఆ గదిని తనకి కావలసినట్టు మార్చుకుంది. టేబులు ఫ్యానుని గోడవైపు తిప్పింది. గాలి గోడకి కొట్టుకుని మెత్తగా తిరిగొచ్చింది, మండలేదు. తాతారావు పాత మల్లు చొక్కా ఒకటి తీసి, ఎడమవైపు కుట్లు విప్పేసి రాత్రిళ్ళు అదే వేసుకుంది. "ఎవరైనా చూస్తే?" అన్నాడు తాతారావు. "చూడనీండి. చూసినవాళ్ళు నాకు బదులు మేలుకోరుగా" అంది. నిద్ర పట్టని రాత్రుళ్ళు కుర్చీలో కూర్చుని బియ్యంలో రాళ్ళేరింది. వారం రోజులు నోరు ఎండిపోవడం తప్ప ఏమీ జరగలేదు. పదకొండో రోజు రాత్రి పదింటికి పడుకుని, కళ్ళు తెరిచి గడియారం చూస్తే మూడు. నమ్మలేక రెండోసారి చూసింది. పక్కలో మంట ఉంది. కానీ తను దాన్ని దాటుకుని అయిదు గంటలు ఎక్కడికో వెళ్ళొచ్చింది.

జూలైలో ప్రభావతి మళ్ళీ వచ్చి, కిటికీలో ఉన్న ఖాళీ మాత్రల అట్ట ఒకటి సంచీలో వేసుకుని వెళ్ళింది. గుడివాడలో మందుల షాపతనికి చూపించింది. అది దిగులు జబ్బువాళ్ళకి ఇచ్చే మందని అతను చెప్పాడు. అంతే, తమ్ముడికి ఫోను.

"ఒరేయ్, మీ ఆవిడకి పిచ్చి మాత్రలిస్తున్నార్రా! అలవాటైపోతే ఇంక మనిషి కాదు. వెంటనే మాన్పించు."

తాతారావు చెడ్డవాడు కాదు, భయస్థుడు. పెళ్ళాంతో మాట్లాడే ధైర్యం లేక మాత్రలు దాచేశాడు. "షాపులో స్టాకు లేదంట, వారంలో వస్తుందంట" అన్నాడు. కనకరత్నం నమ్మింది. నాలుగు రాత్రులు నరకం చూసింది. మొదటికంటే అన్యాయంగా ఉంది, ఎందుకంటే ఈసారి ఏం పోగొట్టుకుందో ఆమెకి తెలుసు.

అయిదో రోజు తెల్లవారుజామున వాన మొదలైంది. కట్టెల మీద కప్పడానికి అటక మీదున్న పట్టా లాగితే, మడతల్లోంచి మాత్రల అట్టలు మూడు కింద పడ్డాయి.

ఆమె అరవలేదు. పొయ్యి వెలిగించలేదు. వీధరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఏడున్నరకి కుర్రాళ్ళు గొడుగులేసుకుని వచ్చారు. "ఆంటీ, టిఫినేంటి?"

"ఏం లేదు నాయనా. నాలుగు రోజులుగా నాకు నిద్ర లేదు. డాక్టరిచ్చిన మాత్రలు మీ అంకులు దాచిపెట్టారు. ఇవాళ్టి నుంచి మన మెస్సుకి ఒకటే రూలు. నేను నిద్రపోయిన రోజే వంట."

ఒకడు నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ఇంకొకడు లోపలికి తొంగిచూసి, "అంకుల్, మాత్రలు దాచడమేంటండీ?" అన్నాడు. తాతారావు తువ్వాలు భుజానేసుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"లోపలికి రా రత్నం. పరువు తీస్తున్నావు."

"పరువు సంగతి మీరు చూసుకోండి. నా నిద్ర సంగతి నేను చూసుకుంటా. నా మీద మీకు అనుమానముంటే నన్ను అడగాలి, డాక్టర్ని అడగాలి. నాతో అబద్ధం చెప్పి నన్ను నాలుగు రాత్రులు కాల్చారు. ఆకలేస్తే మీరే వండి పెట్టండి వీళ్ళకి."

లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది. నిద్ర రాలేదు. అయినా మధ్యాహ్నం దాకా తలుపు తియ్యలేదు.

మర్నాడు తాతారావు బందరు వెళ్ళాడు. డాక్టర్ని నిలదీద్దామని బయల్దేరినవాడు, తన వంతు వచ్చేసరికి గొంతు తగ్గించేశాడు.

"అది పిచ్చి మాత్రంటగా మేడమ్?"

"ఎక్కువ మోతాదులో దిగులుకి ఇస్తాం. ఇంత తక్కువలో నరం మంటకీ ఇస్తాం. అలా ఒక్కసారిగా ఆపకూడదు. మీరు రోజూ ఎన్ని గంటలు పడుకుంటారండీ?"

"ఎనిమిది."

"నాలుగు రోజులు రెండేసి గంటలు పడుకుని రండి. అప్పుడు మాట్లాడుకుందాం."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి భార్య ఎదురుగా నిలబడ్డాడు. "తప్పయిపోయింది" అనడం ఆయనకి రాదు.

"పొద్దున్న టిఫిను నేను చూస్తాలే. నువ్వు ఆరింటికి లే."

"ఏడింటికి."

"సరే, ఏడింటికే."

మొదటి వారం ఉప్మా ఉండలు కట్టింది. కుర్రాళ్ళు మంచినీళ్ళతో మింగారు. తర్వాత తాతారావు చెయ్యి తిరిగింది. ప్రభావతి విషయం విని తొలిబస్సుకి దిగి, గుమ్మంలోంచే అందుకుంది.

"మగాడు ఉప్మా కెలుకుతుంటే ఆవిడింకా నిద్రపోతోందా?"

"మెల్లిగా మాట్లాడక్కా, పడుకుంది" అన్నాడు తాతారావు, గరిటె ఆపకుండా.

ఏడింటికి కనకరత్నం లేచి వచ్చింది. కుట్లు విప్పిన చొక్కా మార్చుకోలేదు.

"అవును వదినా, నువ్వు ఫోనులో అన్న పిచ్చి మాత్రే. రోజూ ఎనిమిదింటికి వేసుకుంటున్నా. రాత్రి ఆరు గంటలు పడుకున్నా. నువ్వెన్ని గంటలు పడుకున్నావు?"

పదేళ్ళుగా ప్రభావతికి మోకాళ్ళ నొప్పులు. కాసేపటికి ఉప్మా ప్లేటు అందుకుంటూ, "ఆ డాక్టరు మోకాళ్ళు కూడా చూస్తుందా?" అని తల ఎత్తకుండా అడిగింది.

కనకరత్నం నొప్పి పోలేదు. తగ్గినట్టు తగ్గి, చలికాలంలో మళ్ళీ రేగేది. కొన్ని రాత్రుళ్ళు ఓడిపోయేది. ఆ మర్నాడు కుర్రాళ్ళతో ఉన్న సంగతి చెప్పి, బయట తినమనేది. అందుకని మెస్సు మానేసినవాళ్ళు ఇద్దరే.

మరుసటేడు బంటుమిల్లి నుంచి ఒక అత్తా కోడలూ ఆమె సంగతి ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చారు. కోడలికి ముప్పై దాటి ఉండవు, పమిటని ఒంటికి తగలకుండా చేత్తో ఎత్తి పట్టుకుంది. ఆ చెయ్యి చూడగానే కనకరత్నానికి తెలిసిపోయింది.

"అక్కి మానిపోయిందండీ" అంది అత్తగారు. "అయినా రాత్రంతా మూలుగుద్ది. ఇంటిల్లిపాదికీ నిద్ర చెడుతోంది."

"మీ నిద్ర చెడితే గానీ రాలేదన్నమాట. పోనీలెండి, వచ్చారు, కూర్చోండి" అంది కనకరత్నం. కోడలి వైపు తిరగలేదు. అత్తగారి ఎదురుగానే కుర్చీ లాక్కుంది. "ఈ అమ్మాయి చెప్పేది నిజం. నాకూ ఈ పక్కలో ఇప్పుడు మండుతోంది, మీతో మాట్లాడుతుండగానే. ముందు అది నమ్మండి. నమ్మాక బందరు ఎలా వెళ్ళాలో చెప్తా."