ఎలుగుబంటి గున్నమ్మ

"ఈ పూట నుంచి గున్నమ్మని మన హరికి ఇచ్చీయే" అన్నాడు ఈశ్వర్, తువ్వాలు తమ్ముడికి ఇమ్మన్నంత తేలిగ్గా. ఆదివారం పొద్దున్న. అనూరాధ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని పండుగప్ప చేపకి పొలుసు తీస్తోంది. చేతులు ఆగిపోయాయి. మొగుడి మొహం చూద్దామని తలెత్తేసరికి అతను అప్పటికే లోపలికి వెళ్ళిపోయాడు. అడగడానికి రాలేదు, చెప్పి పోవడానికి వచ్చాడు.

గున్నమ్మ అంటే ఇంట్లో మనిషి కాదు, కంప్యూటర్ ఆటలో అనూరాధ పాత్ర. ముగ్గురు జట్టు కట్టి అడవులూ గుహలూ తిరుగుతూ రాక్షసులతో కొట్లాడే ఆట అది. ఈశ్వర్ కత్తి వీరుడు. అతని ఆఫీసువాడు జగన్నాధం విలుకాడు. ఆమదాలవలసలో తన ఇంట్లో కూర్చునే ఆడతాడు, గొంతు మాత్రం స్పీకర్లోంచి శ్రీకాకుళంలోని వీళ్ళ హాలంతా మోగుతుంది. మూడోవాడు బొబ్బిలి బదిలీ అయి ఆట మానేస్తే, నిరుడొక ఆదివారం "ఖాళీయే కదా, రా" అని అనూరాధని కూర్చోబెట్టారు. ఖాళీ! నానబెట్టిన బట్టలు బకెట్లో ఉన్నాయి, రుబ్బాల్సిన పప్పు గిన్నెలో ఉంది. ఏ పాత్ర కావాలని కూడా ఎవరూ అడగలేదు. రూపాలు మార్చేదాన్ని అంటగట్టారు. ఎలుగుబంటై దెబ్బలు కాయాలి, పిల్లిగా మారి చీకట్లో దారి చూసి రావాలి, మళ్ళీ మనిషై వీళ్ళ గాయాలకి మందు వెయ్యాలి. "సెల్లెమ్మకి అదే కరెక్టురా. ఏ సందులో ఎట్టినా సరిపోతాది" అన్నాడు జగన్నాధం.

ఆ మాట ఆమెకి కొత్తా? ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచరు. లెక్కల సారు రాకపోతే లెక్కలు, ఆయా రాకపోతే చిన్నపిల్లల ముక్కులు, ఫోటో తీసేవాడు రాకపోతే ఫోటోలు. అనూరాధ మేడం ఎక్కడైనా సరిపోతారండీ అని కరస్పాండెంటు అందరి ముందూ మెచ్చుకుంటాడు, ఆ మెచ్చుకోలుతోనే కడుపు నింపుకోవాలి. ఇంటికొస్తే అత్త మోకాళ్ళకి నూనె రాసే చెయ్యి, మరిది హరిబాబు జూన్లో బ్యాంకు పరీక్షలకని వచ్చి తిష్ఠ వేశాక అతని పక్క ఎత్తే చెయ్యి, అన్నీ ఆ రెండు చేతులే. ఎప్పుడు ఏ రూపంలో ఉండాలో చెప్పేవాళ్ళే గానీ, నీ రూపం ఏదని అడిగినవాళ్ళు లేరు.

ఆటలోనూ అదే తంతు. రాక్షసుణ్ణి చంపాక పెట్టె దొరుకుతుంది. అందులో మంచి కత్తి ఈశ్వర్‌కి, మంచి విల్లు జగన్నాధానికి. కవచం దొరికితే అదీ ఈశ్వర్‌కే. "ఎలుగుబంటికి కవచం ఏటే? నీకేదైనా సరిపోతాది" అంటాడు. ఎలుగుబంటికి అక్కర్లేదు, నిజమే. మందు వెయ్యడానికి మనిషైన మరుక్షణం పడే దెబ్బకి ఎవరు అడ్డు? ఏడాదయినా గున్నమ్మ ఒంటిమీద మొదటిరోజు చింకి అంగీయే. పైగా రూపం మారిన ప్రతిసారీ కొంత బలం పోతుంది. ఎలుగుబంటివవ్వు, మనిషివవ్వు, పిల్లివవ్వు అని ఇద్దరూ చెరోవైపు అరిచి ఆమెని చంపేస్తారు. చచ్చాక "నీవల్లే ఓడిపోనాం" అంటారు. ఇంట్లో పండుగప్ప వండినా ఇంతే. తలకాయ ఈశ్వర్‌కి, నడిమి ముక్కలు హరిబాబుకి, తోకా పులుసూ ఆడవాళ్ళకి. వండినదానికి వాసనకే కడుపు నిండిపోతుందని అత్త లక్ష్మణమ్మ సిద్ధాంతం. ఆ అత్త అనూరాధకి సొంత మేనత్తే. ఎవరైతేనేం, తోక తోకే.

ఒక్క పేరు మాత్రం అనూరాధ తనే పెట్టుకుంది. గున్నమ్మ ఆమె నాయనమ్మ, లక్ష్మణమ్మకి కన్నతల్లి. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఆమదాలవలస స్టేషను బయట అమ్మేది. చిన్నప్పుడు ఒకసారి వెంటబడి వెళ్ళి చూసింది అనూరాధ. బేరమాడే మగవాళ్ళ మీద నాయనమ్మ గొంతు రైలు కూతని మించి లేచింది. "సేప సూడు, నా మొహం కాదు!" అంటే నవ్విన ప్రతివాడూ తల దించుకుని కొన్నాడు. అదే మనిషి సాయంత్రం గడప దాటి ఇంట్లోకి వచ్చేసరికి గొంతు లేదు. తాత తిని లేచేదాకా గోడవారన కూర్చుని, గిన్నె అడుగు గీక్కుని తింది. అనూరాధకి ఆ ఇద్దరిలో బజారు గున్నమ్మే కావాలనిపించింది. పేరు చూసి మగవాళ్ళు పడి పడి నవ్వారు. "మాయమ్మని ఎలుగ్గొడ్డుని సేసినావా?" అని అత్త తిట్టింది గానీ, ఆటయ్యాక మాత్రం "ఇయ్యాల గెలిసిందేటే?" అని మెల్లిగా అడిగేది.

అన్నం ఉడికేలోపు, స్కూల్లో ఖాళీ పీరియడ్లో, ఆట నియమాలన్నీ చదివింది అనూరాధే. మగవాళ్ళు చదవలేదు, వాళ్ళకి అరుపులు చాలు. అలా చదివి చదివి పెంచితే పోయినవారం గున్నమ్మకి పెద్ద ఎలుగుబంటి రూపం వచ్చింది. ఆ రూపం ఎత్తితే కొండని కొట్టినా పగులుతుంది. అది చూసి హరిబాబుకి నోరూరింది. కొత్తవాణ్ణి మొదట్నుంచి పెంచాలంటే ఏడాది పడుతుంది కదా, వదిన పెంచింది సిద్ధంగా ఉంది కదా. పెంచిపెట్టడం ఆడది, ఏలుకోవడం మగాడు. పొలుసు తీస్తుంటే కళ్ళు మండాయి. పొలుసు పడి కాదు.

చేప కూర దింపి హాల్లోకి వచ్చేసరికి హరిబాబు ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముందున్నది ఆమె లాప్‌టాప్, ఎంసీఏలో చేరినప్పుడు నాన్న కొన్నది.

"లెగు హరీ. ఈ ఒక్క పోరాటం నేనాడతాను."

"ఆడనీరా, ఆకర్దే కదా" అన్నాడు ఈశ్వర్, ఉదారంగా. "నీకూ ఆదివారం రెస్టు దొరుకుతాదే."

రెస్టు! హరిబాబు లేచిన కుర్చీలో ఆమె కూర్చుంది.

గుహలో మూడు తలల పాము లేచింది. మొదలెట్టగానే అనూరాధ పెద్ద ఎలుగుబంటి రూపం ఎత్తింది. ఆ రూపంలో ఉన్నంతసేపూ మందు వెయ్యడం కుదరదు. ఆ సంగతి తెలిసే ఎత్తింది. కాసేపటికే ఈశ్వర్ వీరుడు నేలకి ఒరిగాడు.

"ఒలే, మనిషివైపో! మందెయ్యి! సచ్చిపోతన్నాను!"

ఏడాది పాటు ఆ గొంతు వినగానే ఆమె వేళ్ళు వాటంతటవే కదిలేవి. ఇవాళ కదలలేదు. ఎలుగుబంటి పాము మొదటి తల పట్టుకుని నేలకేసి కొట్టింది.

"సెల్లెమ్మా, ఏటిది! నన్ను సూడు!" స్పీకర్లోంచి జగన్నాధం కేక, ఆ వెంటనే నిట్టూర్పు. అతనూ పోయాడు.

"ఏటయిందే నీకు? సెవుడా?" ఈశ్వర్ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. అనూరాధ తెర మీంచి చూపు తిప్పలేదు. ఎన్నెన్ని రూపాలు ఎత్తించారో, ఎన్ని ముక్కులు తుడిపించారో, అదంతా పంజాల్లోకి దిగినట్టుంది. ఒంటరిగా కొట్టింది, కొరికింది, రక్తమోడుతూ నిలబడింది. మూడో తల తెగింది. పెట్టె తెరుచుకుంది. బతికున్నవాళ్ళే తీసుకోవాలని ఆట నియమం. లోపల వెండి కవచం. గున్నమ్మని మనిషిని చేసి, చింకి అంగీ విప్పించి, ఆ కవచం తొడిగింది.

"సూపర్ వదినా! ఇంక లెగు మరి" అన్నాడు హరిబాబు, చేతులు రుద్దుకుంటూ.

అనూరాధ లాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకుంది. "గున్నమ్మ నాది. ఎవరికీ ఇవ్వను. నీక్కావలిస్తే నీదాన్ని నువ్వు పెంచుకో."

"ఒక ఆట బొమ్మకి ఇంత పౌరుషమేటే?" అన్నాడు ఈశ్వర్.

"ఆట బొమ్మే అయితే నీకెందుకు బావా అంత కోపం?"

వంటింట్లోంచి లక్ష్మణమ్మ కేకేసింది: "ఒలే, మగోలకి అన్నాలెట్టు, సల్లారిపోతన్నాది!"

అనూరాధ వంటింట్లోకి వెళ్ళి లాప్‌టాప్ పప్పుల డబ్బాల పక్కన భద్రంగా పెట్టింది. రెండు కంచాలు తీసింది. గిన్నెలోంచి పండుగప్ప తలకాయ తీసి తన కంచంలో వేసుకుంది. నడిమి ముక్కలు పెద్దవి ఏరి అత్త కంచంలో వేసింది.

"ఇదేటే, మగోలు తిన్లేదు కదే" అంది లక్ష్మణమ్మ. కంచం మాత్రం వెనక్కి తొయ్యలేదు. కూతురు కదా, గోడవారన గిన్నె గీక్కున్న గున్నమ్మని ఆవిడా చూసే ఉంటుంది.

ఈశ్వర్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. రెండు కంచాలూ చూశాడు, గిన్నెలోకి చూశాడు. "మరి నాకు?"

అనూరాధ చేప చెంప విడదీసి నోట్లో పెట్టుకుని, తీరిగ్గా నమిలి మింగాక చెప్పింది.

"తోకుంది, పులుసుంది. నీకేదైనా సరిపోతాది బావా."