గట్టు దారి బస్సు

టైగ్రిస్ నది పొంగి, బాగ్దాదు గట్టవతల గేదెలు మేపుకునే మావాళ్ల రెల్లు గుడిసెలన్నీ కొట్టుకుపోయిన ఏడు అది.

నేను ఆ దారి బస్సులో కండక్టర్ని. మొదట మాకు కంపెనీ లారీ మీద చెక్కపెట్టె బిగించి పంపింది. తర్వాత సైన్యం పారేసిన బండి. ఆ తర్వాత పట్నంలో ముసలిదైన ఎర్రబస్సు. దాని చేతిబ్రేకు తీగ తెగి రెండేళ్లు. గట్టు ఎక్కుడులో ఆగితే నేను దూకి చక్రం కింద ఖర్జూరపు మొద్దు పెట్టాలి. బాగుచెయ్యమంటే మేనేజరు నవ్వేవాడు. "ఎక్కేది గేదెలోళ్లేగా!"

ఆ పొద్దున బురదలో మొద్దు జారింది. పెట్టింది నేనే. బస్సు వెనక్కి దొర్లింది. పట్నంలో అమ్మే మీగడ తట్టతో వెనక నిలబడ్డ ఫిద్దా దాని కింద పోయింది. మీగడా నెత్తురూ కలిసిపోయాయి.

పోలీసులు డ్రైవరు చాసిబ్‌ని పట్టుకుపోయారు. మేనేజరు నా ముందు కాగితం పెట్టాడు. బ్రేకు బాగుంది, డ్రైవరు తాగున్నాడు అని ఉంది. చాసిబ్ జన్మలో తాగలేదు. నేను సంతకం పెట్టలేదు.

మధ్యాహ్నం ఫిద్దాను పూడ్చి వచ్చి అందరూ బస్సు చుట్టూ మూగారు.

"తగలబెట్టండి దీన్ని!" అన్నాడు ఇటుకబట్టీ కూలి జబ్ర్.

ఫిద్దా వదిన ఉమ్ సత్తార్ అడ్డం నిలబడింది. "బుద్ధుందా తమ్ముడూ? కాలిస్తే సాక్ష్యం బూడిదైద్ది. మేనేజరు నీకు మిఠాయి పంపిస్తాడు."

"మరేం చేద్దామక్కా? చాసిబ్‌ని ఉరి తీస్తారు!"

"కోర్టుకి తోసుకుపోదాం. రోజూ తోసేది మనమే గదా!"

తోశాం. మూడొందల మందిమి. వంతెన ఎక్కుడులో పోలీసులు తుపాకులతో ఆపారు. బస్సుని భుజాలతో ఆపి పట్టుకున్నాం.

"బ్రేకేసి పక్కకు పోండ్రా!" అని ఇన్‌స్పెక్టరు అరిచాడు.

"నువ్వే ఎక్కి వెయ్యి సారూ. మా చేత కాటంలా," అంది ఉమ్ సత్తార్.

ఎక్కాడు. గుంజాడు. కడ్డీ పట్టులేకుండా ఊగింది.

"గట్టిగా గుంజు సారూ, అన్నం తిన్లేదా!" అన్నారు జనం.

వాడి మొహం నల్లబడింది. దిగీదిగగానే లాఠీలు లేచాయి. మేము చేతులు అడ్డం పెట్టుకోలేదు. బస్సు వదిలితే వెనకున్నవాళ్లు చస్తారు. అట్లాగే పట్టుకుని దెబ్బలు తిన్నాం. ఉమ్ సత్తార్‌ని ముసుగు పట్టి ఈడ్చి జీపెక్కించారు. చాసిబ్‌ని వదల్లేదు.

మర్నాడు పొద్దున కంపెనీ ఇంకో బస్సు పంపింది. కొత్త రంగు. అందరూ ఎడంగా నిలబడ్డారు.

"చూడన్నా," అన్నాడు జబ్ర్.

కిందికి దూరి చూశాను. దీనికీ బ్రేకు తీగ లేదు. లేచి తల అడ్డంగా ఊపాను. ఒక్కరూ ఎక్కలేదు. ఆడవాళ్లు తట్టలు నెత్తికెత్తుకున్నారు. నా టిక్కెట్ల సంచీ బస్సు మెట్టు మీద పడేసి, వాళ్లతో కలిసి చాసిబ్‌నీ ఉమ్ సత్తార్‌నీ పెట్టిన పోలీసు స్టేషను దారి పట్టాను.