ఆర్లిస్ తూటాలు

మెర్ల్ హాగెన్ మీట కిందికి లాగాడు. తూటాలు కట్టే మరలో ఇత్తడి కిర్రుమంది. తీసి చూస్తే తూటా మెడ కింది భుజం కాలికింద పడ్డ రేకుడబ్బాలా నలిగిపోయింది. వంటింటి తలుపువైపు ఓసారి చూసి, దాన్ని తన టిఫిన్ డబ్బాలోకి జారవిడిచాడు. అందులో అలాంటివి ఇంకా ఉన్నాయి.

పగలంతా గ్రేడర్ నడిపి కంకరరోడ్లు చదును చేసి వచ్చాడు. చొక్కా మడతల్లో ఇంకా దుమ్ముంది. రేపే జింకల వేటకాలం మొదలు. ముందురోజు గ్యారేజీలో తూటాలు కట్టుకోవడం అతనికి పెళ్ళికి ముందునుంచీ అలవాటు. గుండు కూర్చోబెట్టాక ఇత్తడి గొట్టం అంచును లోపలికి నొక్కడం మాత్రం ఎన్నడూ చెయ్యలేదు. నొక్కితే గురి చెడుతుందంటాడు. అతని తుపాకీకి ఆ అవసరమూ లేదు.

భార్య ఆర్లిస్‌ది వాళ్ళ నాన్న ఇచ్చిన పాత తుపాకీ. అందులో తూటాలు నాళం కింది గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఆనుకుని పడుకుంటాయి. ఒకటి పేలితే ఆ కుదుపుకి మిగతావి గుద్దుకుంటాయి. పోయినేడు కొండమీద ఒక గుండు అలాగే తన ఇత్తడిలోకి కూరుకుపోయి తుపాకీ బిగుసుకుంది. కొమ్ముల జింక నింపాదిగా చూసి వెళ్ళిపోయింది. మెర్ల్ తుపాకీ స్ప్రింగును తిట్టాడు. ఈ వారం ఆర్లిస్ కొట్లోంచి ఒక తూటాల డబ్బా తెచ్చి, వంటింటి కిటికీలో అతనికి కనబడేలా పెట్టింది. కాపురం పెట్టాక ఆ ఇంట్లోకి కొన్న తూటాలు రావడం అదే మొదలు.

మెర్ల్ మిగిలిన ఇత్తడి గొట్టాలన్నీ ఒకే పొడవుకి కత్తిరించాడు. మరలోని అచ్చును కాస్త పైకి తిప్పాడు. మీట లాగాడు. ఈసారి అంచు కజ్జికాయ అంచులా పొందిగ్గా గుండు గాడిలోకి ఒదిగింది. గుండును బల్లకేసి నొక్కాడు. కదల్లేదు.

"ఓయ్ ముసలాడా! ఎలుక దూరినట్టు ఏంటా చప్పుళ్ళు?" వంటింట్లోంచి ఆర్లిస్ కేకేసింది.

"నీ తుపాకీకే చాకిరీ."

"అంచు నొక్కావా?"

"నొక్కితే గురి పోతుందని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

"గురి సంగతి నేను చూసుకుంటా. తుపాకీ పేలితే చాలు. రా, కూర చల్లారిపోతోంది."

మెర్ల్ నవ్వు ఆపుకుంటూ తూటాలమీద గుడ్డ కప్పాడు. రేపు కొండమీద తనే చూస్తుందిలే.

భోజనమయ్యాక బూట్లు విప్పుకోవడానికి కుర్చీలో కూర్చున్నాడు.

"పొద్దున్న ఎవరు ముందు లేస్తే వాళ్ళదే కాఫీ," అంది ఆర్లిస్ గిన్నెలు కడుగుతూ. "వింటున్నావా?"

వెనక్కి తిరిగింది. ఒక బూటు ఇంకా కాలికే ఉంది. పెదాలమీద ఆ దాచుకున్న నవ్వు అలాగే ఉంది. ఊపిరి మాత్రం లేదు.

అంత్యక్రియలకి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక ఆర్లిస్ గ్యారేజీలోకి వెళ్ళి గుడ్డ తీసింది. లోపలికి నొక్కిన ఒక తూటా అంచుమీద గోరు నడిపింది. టిఫిన్ డబ్బా కడుగుదామని తెరిస్తే నలిగిన ఇత్తడి తూటాలు గలగలమన్నాయి. "దొంగ సచ్చినోడా!" అంది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

వేటకాలం ఇంకా ముగియలేదు. మర్నాడు తెల్లవారకముందే ఆమె ట్రక్కు కొండదారి పట్టింది.

వంటింటి కిటికీలో కొట్లో కొన్న డబ్బా, చీల్చని సీలుతో అలాగే ఉంది.