రెండు ఎర్రచుక్కలు

చిలకలూరిపేట సమాధుల తోటలో ఉన్న ఇరవై రెండు చెట్లనూ సోమవారం కొట్టేయాలని చర్చి కమిటీ తీర్మానించింది. శవపేటిక తెచ్చే వ్యాను లోపలిదాకా వచ్చేలా దారి వేస్తారట. నీళ్లు మోసి ఆ చెట్లను పెంచిన మరియదాసుకు ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి ముద్ద దిగడం లేదు.

జిన్నింగ్ మిల్లులో ముప్పై ఏళ్లు పత్తి దుమ్ము మింగిన మనిషి. నోట్లో నాలుక లేనివాడు. అయినా వెళ్లి అడిగాడు. సంఘపెద్ద ప్రభు చెడ్డవాడేం కాదు, కాకపోతే ఇవాళ అనుకున్నది నిన్ననే అయిపోవాలనే రకం. "మిల్లు షెడ్ల వెనక మూలనున్న చెట్లు ఎవరికి కనపడతయ్ బాబాయ్, పైనున్న ఆయనకి తప్ప," అని నవ్వేశాడు.

శనివారం పొద్దున మరియదాసు సైకిలుకు నీళ్ల డబ్బాలు తగిలించుకుని వచ్చేసరికి, గేటు దగ్గర ఒక అమ్మాయి చేతిలో పటాల చుట్టతో నిలబడి ఉంది. పేరు శ్రీదివ్య, గుంటూరు నుంచి వచ్చిందట. ఊళ్లు పెరిగేకొద్దీ పచ్చదనం ఎంత పోతోందో ఉపగ్రహం తీసిన ఫొటోల్లో లెక్కగట్టడం ఆమె ఉద్యోగం. రెండు ఫొటోలు గట్టు మీద పరిచింది. ఒకటి తొంభై ఏడు మార్చిది, రెండోది ఈ ఏడు, రెండువేల ఐదు మార్చిది. మొదటి దాంట్లో పేట చుట్టూ ఎరుపే.

"కల్లాల్లో మిరపకాయలు ఆరబోసినట్టుందే," అన్నాడు మరియదాసు.

"కాదు తాతగారూ. ఈ ఫొటోల్లో పచ్చగా ఉన్నదంతా ఎర్రగా పడుతుంది. ఎరుపు కనబడితే అక్కడ చెట్టో చేనో బతికుందని లెక్క."

రెండో ఫొటోలో ఎరుపు ఎక్కడికో వెనక్కి జరిగిపోయింది. మిల్లులు, ప్లాట్లు, హైవే, అంతా బూడిదరంగు. పుట్టి పెరిగిన ఊరు అట్లా పాలిపోవడం చూస్తే మరియదాసు ప్రాణం చివుక్కుమంది. ఆ బూడిదరంగు మధ్యలో, ఒకదాన్నొకటి ఆనుకుని, రెండే రెండు ఎర్రచుక్కలు. శ్రీదివ్య వేలు అక్కడ ఆగింది.

"ఊరంతా ఎరుపు బూడిదైందండీ. బూడిద ఎరుపైంది ఈ సమాధుల తోట ఒక్కచోటే. మెషిన్ తప్పు, చెరిపెయ్యమన్నారు మా సారు. నాకే మనసొప్పక చూసిపోదామని వచ్చాను. తొంభై ఏడు తర్వాత ఇక్కడ ఏం జరిగింది?"

ఆ ఏడు మే నెలలో, రోళ్లు పగిలే ఎండలో, మరియదాసు భార్య సారమ్మను ఇక్కడ పడుకోబెట్టారు.

"మా ఇంటిదానికి ఎండ పడదమ్మా," అన్నాడు. "నీడకని ఒక వేపమొక్క పెట్టా. తర్వాత, పక్కనోళ్లకి మాత్రం ఎండ కాదా అనిపించింది."

శ్రీదివ్య కళ్లు తుడుచుకుని, పుస్తకంలో 'తప్పు కాదు' అని రాసుకుంది. సోమవారం సంగతి విన్నాక ఫొటోలు రెండూ చుట్టి అతని చేతిలో పెట్టింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక మరియదాసు వాటిని ప్రభు ముందు పరిచాడు. ఎరుపంటే ఏమిటో చెప్పాడు. ఆ చుక్కలు చూపించాడు. ప్రభు రెండు ఫొటోల్లోనూ తన వీధి వెతుక్కున్నాడు. అప్పుడు ఎరుపు, ఇప్పుడు బూడిద. ఫొటోలు రెండూ జాగ్రత్తగా చుట్టాడు.

"వ్యాను గేటు దగ్గరే ఆగనీ బాబాయ్," అన్నాడు. "నాలుగడుగులు మనం మొయ్యలేమా."

ఆ సాయంత్రం మరియదాసు ఎప్పటిలాగే నీళ్లు పోశాడు. చివరి డబ్బా సారమ్మ వేప మొదట్లో వంచి, పక్కనే కూర్చున్నాడు.

"ఏమే," అన్నాడు, "ఇంత ఊళ్లో నీ నీడొక్కటే పైకి కనపడతందంట."