డొరీన్ ఆంటీ ఎడమ చెయ్యి

డొరీన్ ఆంటీ ఎడమ చెయ్యి పియానో మీద ఉంది. తమ్ముడు సిరిల్ ట్రంపెట్ వాయిస్తూ వాయిస్తూ పాట మధ్యలో ఆపేసి బొంబాయి రైలెక్కి, అక్కణ్ణుంచి ఓడలో ఆస్ట్రేలియా వెళ్ళిపోయిన సాయంత్రం నుంచీ అక్కడే ఉంది. పాట అయిపోలేదు కాబట్టి చెయ్యి తీయడం మర్యాద కాదు. కుడిచేత్తో అన్నం తింటుంది, తల దువ్వుకుంటుంది, వచ్చినవాళ్ళకు షేక్‌హ్యాండ్ ఇస్తుంది. ఆ సాయంత్రం ఆమె జుట్టు నల్లగా ఉందట. ఇప్పుడు పియానో మెట్ల కంటే తెల్లగా ఉంది.

సికింద్రాబాదులో రైల్వే క్వార్టర్ల వెనక ఉన్న ఈ డాన్సు హాల్లో ఒకసారి వాయించినది బయటికి పోదు. పెంకుల కింద, దూలాల మధ్య నిలిచిపోతుంది. పాతది పైన, కొత్తది కింద. మునివేళ్ళ మీద నిలబడి చెయ్యి చాపితే కీబోర్డుల కాలం తగులుతుంది. ప్లాస్టిక్ డబ్బా మూతలా నున్నగా, కాస్త జిడ్డుగా ఉంటుంది.

నా పేరు సలోమి. పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాను. మా నాన్న దేవసహాయం ఇదే హాల్లో సిరిల్ పక్కన నిలబడి జాజ్ వాయించినవాడు. డాన్సులాడే ఆంగ్లో ఇండియన్ కుటుంబాలన్నీ ఒక్కొక్కటే ఓడలెక్కాక పెళ్ళి ఊరేగింపుల్లో, బరాత్‌ల్లో చేరాడు. ఆయన ఎర్రకోటు నాకు సరిగ్గా సరిపోయింది.

ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఇక్కడికి వచ్చి ఆంటీ ఎడమచేతి గోళ్ళు కత్తిరిస్తాను. జాగ్రత్తగా చేయాల్సిన పని. ఒక వేలు ఎత్తినప్పుడు ఆ మెట్టును నా వేలితో నొక్కి పట్టుకుంటాను. గోరు తెగాక ఆమె వేలిని మళ్ళీ అక్కడే పెట్టి నాది తీసేస్తాను. స్వరం ఒక్కసారి కూడా తెగలేదు.

ఈ రోజు చిటికెన వేలి దగ్గర ఉండగా ఖాదర్ భాయ్ భుజాన వెదురు నిచ్చెనతో లోపలికి వస్తాడు. ఈ హాల్లో డ్రమ్ములు వాయించినవాళ్ళలో ఆయనొక్కడే మిగిలాడు. డ్రమ్ము మీద ఆడించే తీగ బ్రష్షులు పెన్నుల్లా చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. ఆయన గుండె కూడా బ్రష్షులతోనే కొట్టుకుంటుంది. పక్కన కూర్చుంటే వినిపిస్తుంది. డాక్టర్లు స్టెతస్కోపు పెట్టి కాసేపు తలలూపి పంపించేస్తారు.

"కప్పు తీసుకపోనీకె వస్తున్నరు," అంటాడు నిచ్చెన దించుతూ. "నాచారం కాడ కొత్త ఫంక్షన్ హాలు కడుతున్నరంట. దానికి మన కప్పు కావాల్నంట. మౌలాలి దాటిండ్రు."

"కప్పు ఒక్కటేనా?" అని అడుగుతాను.

"కప్పు పోతే దాని కింద ఉన్నదంత పోతది కదమ్మా. పావురాలు ఆగుతయా?"

డొరీన్ ఆంటీ కుడిచేత్తో కళ్ళజోడు సర్దుకుంటుంది. "పోనీ మ్యాన్. మంచి పాటలు, కొంచెం ఊరు చూస్తాయి. కానీ సిరిల్ పాట సగమే ఉంది. సగం పాట ఎగిరిపోతే ఇంక అది ఎప్పుడు అయిపోయిందో నాకు తెలిసేది ఎట్లా? తెలవకుండా నా చెయ్యి తీసేది ఎట్లా?"

పియానో అప్పుడే గుమ్మం వైపు కాస్త జరిగింది. దాన్ని కూడా రమ్మని అడిగారేమో. పియానో వెళితే ఆంటీ వెళ్ళాలి, జీవితాంతం ఎవరివో రిసెప్షన్లలో ఒక్క స్వరం పట్టుకుని కూర్చోవాలి.

"సలోమీ, నువ్వు ఎక్కు," అంటుంది ఆంటీ. "ఎక్కి, వాడు ఆపిన చోటి నుంచి తీసుకో. ముగించు."

"నాకు రాదు ఆంటీ. నేను ఇంతవరకు ఏ పాటనూ ముగించలేదు. గుర్రం ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతా."

అది నిజం. బరాత్‌లో పాట ఎక్కడ ఆపాలో పెళ్ళికొడుకు గుర్రం నిర్ణయిస్తుంది. పల్లవి మధ్యలో ఆగితే పల్లవి మధ్యలో. నేను ఇంట్లో వాయించుకునేటప్పుడు కూడా వీధిలో ఏదో ఒక జంతువు ఆగేదాకా చూస్తాను.

"పైన గుర్రాల్లేవు బేటీ," అంటాడు ఖాదర్ భాయ్ నిచ్చెనను గోడకు ఆనించి. "నువ్వే ఆగాలె. ఎక్కు, కింద నేను పట్టుకుంట."

క్లారినెట్ రీడు నోట్లో పెట్టుకుని తడుపుతూ ఎక్కుతాను. మొదటి బరాత్‌కు ఎర్రకోటు తొడుక్కున్న రోజులా ఉంది.

కీబోర్డుల కాలం మోకాళ్ళ లోతే ఉంది. ఒక మనిషి బటన్ నొక్కితే పదిమంది వాయించినట్టు వినిపించే కాలం. ఆ పదిమందీ గోడ వెంట కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. తమ వంతు రాదని తెలిసీ వయొలిన్లకు శ్రుతి చేసుకుంటున్నారు. నన్ను చూసి కాళ్ళు పక్కకు పెట్టి దారి ఇస్తారు. ఒకావిడ నా కోటు గుండీ ఊడిందని చెప్పి, తన గుండీ కోసి కుట్టి పంపిస్తుంది.

దాని పైన పెళ్ళిళ్ళ కాలం. అక్కడ వేడిగా ఉంది. జనరేటరు పొగ, మల్లెపూలు, గుర్రపు చెమట కలిసిన వాసన. తలల మీద ట్యూబులైట్లు మోస్తూ మనుషులు గాలిలో నడిచి వెళ్తున్నారు. వాళ్ళ మధ్య మా నాన్న క్లారినెట్ వాయిస్తూ వస్తున్నాడు. నా కంటే చిన్నవాడు.

"ఏంటమ్మా ఇటొచ్చావ్?" అంటాడు, పాట ఆపకుండానే.

"పైకి వెళ్తున్నా నాన్నా. సిరిల్ గారి పాట ముగించాలంట."

"పైన ఎండ ఎక్కువ. టోపీ పెట్టుకో." తన జరీ టోపీ తీసి నా తల మీద పెడతాడు. తర్వాత చెవి దగ్గరకు వచ్చి చిన్నగా చెబుతాడు. "మూడో స్వరం కొంచెం కిందికి వంచు. పెళ్ళివాళ్ళెవరూ పట్టుకోలేరు. నేను రోజూ వంచుతా."

వింటాను. నిజమే. సినిమా పాట నడుస్తూ నడుస్తూ ఒక చోట, ఎవరికీ తెలియని చోట, కాస్త వంగుతుంది. పంటికింద రాయిలా కాదు, పంటికింద మిరియంలా. ఆ ఒక్క మిరియం కోసం ఆయన ఇన్నేళ్ళు బరాత్‌లు నడిచాడు. నాకు చప్పున ఏడుపూ నవ్వూ వస్తాయి. రీడు నోట్లో ఉంది కాబట్టి రెండూ క్లారినెట్‌లోంచి పోతాయి. గుర్రం చెవులు నిక్కిస్తుంది.

నిచ్చెన పై మెట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. పట్టుకుంటే లేత ఆకులు వేలికి తగులుతున్నాయి. ఆబిడ్స్ హోటళ్ళలో జాజ్ వాయించిన కాలంలోంచి వెళ్తుంటే శాక్సోఫోను మనిషి ఒకడు, పోట్లాడుకుని ఎదురెదురుగా కూర్చున్న ఒక జంట కోసం వాయిస్తున్నాడు. వాళ్ళు మాట్లాడుకునేదాకా లేవనని పంతం పట్టాడు. అతని కాఫీ మీద చేపలు ఈదుతున్నాయి. ఆగి వినాలని ఉంది. కానీ కింద నుంచి ఖాదర్ భాయ్ అరుస్తాడు.

"లారీ గేటు కాడికొచ్చింది బేటీ! జల్ది!"

ఇంకో రెండు మెట్లు ఎక్కి రైలు పక్కన తేలతాను.

బొంబాయి రైలు దూలాల మధ్య నిలబడి ఉంది. ఇంజను ఆవిరి పెంకులకు తగిలి వానలా కింద పడుతోంది. ప్లాట్‌ఫారం నిండా ట్రంకు పెట్టెలు. ఆడవాళ్ళు గౌన్ల మీద కోట్లు వేసుకున్నారు, ఆస్ట్రేలియాలో చలని ఎవరో చెప్పారట. ఒక పెద్దాయన తన ఇంటి గుమ్మాన్ని చంకలో పెట్టుకుని రైలు పెట్టె ఎక్కుతున్నాడు. వీళ్ళందరి పైన, కప్పుకు ఆనుకుని, యుద్ధకాలం ఉంది. కంటోన్మెంటు సోల్జర్ల బూట్ల అడుగులు, వాళ్ళతో తిరుగుతున్న అమ్మాయిల హీల్సు, గిర్రున, గిర్రున. ఈ ఊళ్ళో మొదటి జాజ్ అదే. అంత ఎత్తున, అంత దగ్గరగా ఉంటే నా ఒళ్ళంతా జలదరిస్తోంది.

సిరిల్ ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఒక కాలు ప్లాట్‌ఫారం మీద పెట్టి నిలబడి ఉన్నాడు. ట్రంపెట్ పెదవులకు ఒక అంగుళం దూరంలో ఉంది. ఆయన నుదుటి మీద చెమట ఇంకా ఆరలేదు.

"నువ్వెవరు?"

"దేవసహాయం కూతుర్ని. డొరీన్ ఆంటీ పంపింది. పాట ముగించమంది. మీరు ఎలా ముగిద్దామనుకున్నారు?"

ఆయన నా జరీ టోపీ వైపు చూస్తాడు.

"నాకు తెలీదమ్మా," అంటాడు. "తెలీకే రైలెక్కినా."

"మరి ఈ రైలు వెళ్ళలేదేం?"

"పాట మధ్యలో విజిల్ వేస్తే గార్డుకు మంచి పేరుండదు." కాలు నొప్పి పుడుతున్నట్టు మడమ కదుపుతాడు. "అక్క చెయ్యి తీసిందా?"

"లేదు."

"తీస్తదనుకున్నా. అరగంటలో తీస్తదనుకున్నా," అని, ముఖం అటు తిప్పుకుంటాడు.

ఆయన్ను తిట్టాలని దారంతా అనుకుంటూ వచ్చాను. ఎదురుగా చూస్తే తిట్టు రావడం లేదు. పాట ఎలా ఆపాలో తెలియని మనిషి ఇంకొకరు దొరికారన్న సంతోషమే ఎక్కువగా ఉంది.

"అక్కకు ఏమన్నా చెప్పమంటారా?"

"చెప్పకు. వాయించు."

ఆయన ట్రంపెట్ లోంచి వచ్చిన చివరి స్వరం ఇంకా గాలిలోకి సాగి ఉంది, సగం కట్టి వదిలేసిన వంతెనలా. చివర తడిగా ఉంది. క్లారినెట్‌ను దాని అంచుకు ఆనించి ఊదుతాను.

మొదట పట్టు దొరకదు. రెండో ఊపిరికి నిలుస్తుంది. నా కింద ఖాదర్ భాయ్ ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, రెండో చేత్తో బ్రష్షు తీసి నిచ్చెన కాలి మీదే తాళం మొదలుపెడతాడు. వెదురు గుండా నా పాదాల్లోకి వస్తుంది. ఆంటీ కుడిచెయ్యి కూడా పియానో మీదికి వస్తుంది. గాజుగ్లాసుల్లో చెంచాలు కదిలినట్టు స్వరాలు పైకెక్కి వస్తున్నాయి. మూడో స్వరం దగ్గర వంచుతాను. పెళ్ళిళ్ళ కాలంలో ఎవరో "హై!" అని అరుస్తారు.

తర్వాత నాకు ఏమీ తెలియదు. తెలియని చోటికే వెళ్తాను. వాయించేకొద్దీ కుర్చీల్లోని పదిమంది లేచి నిలబడతారు. ఆబిడ్స్ జంట మాట్లాడుకోవడం మొదలుపెడుతుంది, ఇద్దరూ ఒకేసారి. సోల్జర్ల బూట్లు నా తాళంలోకి దిగుతాయి. ఇన్నాళ్ళూ ఒక కాలం మీద ఒక కాలం పేర్చినట్టు ఉన్న మోతంతా ఒక్క పాట అయింది. దాన్ని నడిపిస్తున్నది నేను. నా బుగ్గలు మండుతున్నాయి. ఇంత సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇంకా పైకి ఊదుతాను.

ఇప్పుడు ఆపాలి. గుర్రం కోసం అలవాటుగా కిందికి చూస్తాను. ఏ జంతువూ లేదు. గేటు దగ్గర లారీ కూడా ఆగకుండా ఊగుతోంది.

"సిరిల్ వస్తున్నాడా?" అని కింద నుంచి డొరీన్ ఆంటీ అడుగుతుంది.

క్లారినెట్ నోట్లోంచి తీయకుండానే తల అడ్డంగా ఊపుతాను.

ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటుంది. తెరిచేసరికి ఆమె ముఖం మీద నేను ఎప్పుడూ చూడనిది ఉంది. ఎదురుచూపు లేదు. "అయితే నీ ఇష్టం వచ్చిన చోట ఆపు!" అని గట్టిగా చెబుతుంది.

నేను పాట బయల్దేరిన ఇంటి స్వరానికి రాను. దాని పక్కింటికి వెళ్తాను. అక్కడ, తలుపు తెరిచి పెట్టి, ఆపుతాను. ఎవరూ చెప్పకుండా, నేనే.

నిశ్శబ్దం పాలమీగడలా అందరి మీదా పరుచుకుంటుంది. సిరిల్ రెండో కాలు పైకి తీసుకుంటాడు. గార్డు విజిల్ వేస్తాడు. రైలు గోడలోంచి చక్కగా, తొందర లేకుండా వెళ్ళిపోతుంది. సిరిల్ టోపీ ఊపుతున్నాడో, మొహం తుడుచుకుంటున్నాడో ఇక్కణ్ణుంచి తెలియడం లేదు.

డొరీన్ ఆంటీ ఎడమ చెయ్యి పియానో మీది నుంచి లేస్తుంది. పాతికేళ్ళ పిల్ల చెయ్యి. ఒక్క ముడత లేదు.

"చూడు మ్యాన్ ఖాదర్," అంటుంది దాన్ని వెలుతురులో తిప్పుతూ. "దీనికి ఇంకా ఆ సాయంకాలమే."

ఖాదర్ భాయ్ మొహమాటపడుతూ తన చెయ్యి చాపుతాడు. ఆమె ఆ చేతినే ఇస్తుంది. పట్టుకుని లేస్తుంది. మోకాళ్ళు చాన్నాళ్ళకు తెరిచిన తలుపుల్లా కిర్రుమంటాయి.

నేను నిచ్చెన దిగేసరికి లారీవాళ్ళు మర్యాదగా తలుపు కొడతారు. కప్పు మూత తీసినట్టు లేస్తుంది. ఎండ ఒక్కసారిగా పడుతుంది, దానికి ఎదురుగా ధ్వని అంతా లేస్తుంది. బూట్లు, శాక్సోఫోన్లు, ట్యూబులైట్లు, వయొలిన్లు గుంపులు గుంపులుగా సికింద్రాబాదు వీధుల్లోకి దూకుతాయి. మెట్టుగూడలో బస్సులు తాళానికి తగ్గట్టు బ్రేకులు వేస్తాయి. టీకొట్టువాడు పాలు ఎత్తిపోస్తుంటే పాల ధార వంగుతుంది, సరిగ్గా మూడో స్వరం దగ్గర వంగినట్టు. మేం ముగ్గురం వెనక పరుగెడుతున్నాం. డొరీన్ ఆంటీ అందరికంటే ముందు పరుగెడుతూ ఎడమచేత్తో ప్రతి గోడనూ, ప్రతి సైకిల్ సీటునూ, నిమ్మకాయల బండి మీద ప్రతి నిమ్మకాయనూ తాకుతోంది. "ఏ ఊరు మ్యాన్ ఇది! ఏ ఊరు!" అని అరుస్తోంది.

ఊరి చివర ఇళ్ళు ఆగిపోయి బండరాళ్ళు మొదలవుతాయి. గుండు మీద గుండు, ఎవరో పేర్చి మరిచిపోయినట్టు, గుట్టంతా బండలే. పాటలన్నీ వాటి ముందు ఆగి నేల మీద కూర్చుంటాయి. మేమూ కూర్చుంటాం.

అన్నిటికంటే పెద్ద బండ, ట్రంపెట్ ఊదబోతున్నట్టు, బుగ్గలు పూరించడం మొదలుపెడుతుంది. తర్వాత దాని పక్కది. తర్వాత గుట్టంతా. నగరం మీది గాలి మొత్తం వాటి వైపు కదులుతోంది. దండేల మీది బట్టలు, గాలిపటాలు, మైదానంలో గడ్డి, నా నుదుటి మీది జుట్టు, అన్నీ అటే వంగుతున్నాయి. బండలు ఊపిరి లోపలికి తీసుకుంటూనే ఉన్నాయి.