బిగింపు బాబాయ్ ఇంట్లో గాలి

హలో... ఆ, హలో, వినబడుతోందా అందరికీ? ఎలా ఉన్నారు, భోజనాలయ్యాయా? ఒక్క పది నిమిషాలు ఎక్కడికీ పోకండి, ఒక సంగతి చెప్పాలి. రోడ్డు పక్కన కాపురం ఉంటున్నవాళ్ళు కాస్త దగ్గరికి జరగండి, మీలాంటి ఒకాయన కథే ఇది.

ఆయన్ని అందరూ బిగింపు బాబాయ్ అంటారు. కోల్డ్ స్టోరేజీలో తలుపుల మెకానిక్కు. ఆ తలుపులు మీరెప్పుడైనా చూశారో లేదో, జానెడు మందాన ఉంటాయి, చుట్టూరా నల్ల రబ్బరు పట్టీ ఉంటుంది. ఆ పట్టీ ఎక్కడన్నా వదులైందా, చలి బయటికి, వేడి లోపలికి, సరుకు గోవిందా. ముప్ఫై ఏళ్ళుగా బాబాయ్ పని ఆ పట్టీలు మార్చడం, బిగించడం. బిగించాక తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగుతాడు. కాగితం జారి చేతికొచ్చేసిందా, పని మళ్ళీ మొదటికి. లాగితే చిరిగిందా, అప్పుడు టీకి వెళ్తాడు. ఆ పేరు అందుకే వచ్చింది. ఆయన్ని బాబాయ్ అంటున్నాం కాబట్టి వాళ్ళావిడ మనకి పిన్నే అవుతుంది.

వాళ్ళిల్లు రెండో అంతస్తు. కిందే నాలుగు రోడ్ల సిగ్నలు. బండి ఊరికే వెళ్ళిపోతే ఒక బాధ, ఆగి మళ్ళీ కదిలితే పది బాధలు. ఎర్ర లైటు పడినప్పుడల్లా బస్సులూ లారీలూ వచ్చి సరిగ్గా వాళ్ళ హాలు కిటికీ కింద ఆగుతాయి, ఆకుపచ్చ పడగానే గొంతు సవరించుకున్నట్టు ఒక్కసారి పొగ కక్కి బయల్దేరతాయి. పొద్దున తుడిచిన టీవీ మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. ఇరవై ఎనిమిదేళ్ళు అలాగే బతికారు. అలవాటైపోయిందనుకున్నారు.

పోయిన వర్షాకాలం నుంచి పిన్నికి ఆయాసం పట్టుకుంది. మెట్లెక్కితే మధ్యలో ఆగడం, మాట మధ్యలో ఆగడం, పడుకుంటే పిల్లికూతలు. డాక్టరమ్మ ఒక ప్లాస్టిక్ గొట్టం చేతికిచ్చింది. గట్టిగా ఊపిరి పీల్చి అందులో ఊదితే పక్కనున్న ముల్లు కదిలి అంకె మీద ఆగుతుంది. ఆ రోజు రెండొందల నలభై దగ్గర ఆగింది.

"ఇది మూడొందలు దాటాలి," అంది డాక్టరమ్మ. "మందులు నేనిస్తా. కానీ ఆ సిగ్నలు పొగలో కూర్చోబెట్టి మందులు వేస్తే ఏం లాభం? రెండు నెలలు చూస్తా. దాటకపోతే ఆ ఇంట్లోంచి పంపించెయ్యండి. గాలి బాగున్నచోట చుట్టాలెవరైనా ఉన్నారా?"

ఉన్నారు. పిన్ని చెల్లెలు. ఒక రోజు ప్రయాణం, చుట్టూ పొలాలు, బండ్లు లేని ఊరు. ఆవిడ అప్పటికే "వచ్చెయ్యక్కా, వచ్చెయ్యక్కా" అని ఫోన్లో పోరుతోంది. బాబాయ్‌కి ఇంకా మూడేళ్ళ సర్వీసుంది, వెళ్ళడానికి లేదు. కొన్నాళ్ళే కదా అని అందరూ అంటారు. కానీ అలాంటి కొన్నాళ్ళు ఎంత పొడుగు సాగుతాయో ఆయనకి తెలుసు. ఆవిడ లేని ఇంట్లోకి రోజూ తాళం తీసుకుని వెళ్ళడం ఆయన వల్ల కాదు.

"రెండు నెలలు చాలు," అన్నాడు బాబాయ్. "పొగ ఎలా వస్తుందో నేను చూస్తా."

ఇక చూడండి ఆయన ప్రతాపం. పాత తలుపుల నుంచి తీసి పారేసిన రబ్బరు పట్టీలు మోపెడు తెచ్చాడు. ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టి హాలు కిటికీ, వంటింటి కిటికీ, గుమ్మం, గుమ్మం కింద సందు, కరెంటు వైర్లు వచ్చే కన్నాలు, ఒకటి వదల్లేదు. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను తిరిగే కన్నం ఉంటుందే, అది కూడా తిన్నగా రోడ్డు మీదికే ఉందని రబ్బరు షీటు కొట్టి మూసేశాడు. ఒక్కో కిటికీలో కాగితం పెట్టి లాగాడు. అన్నీ చిరిగాయి.

పిన్ని మంచం మీద కూర్చుని చూస్తోంది.

"ఇంతకీ నన్ను సున్నా డిగ్రీల్లో పెడతారా, మైనస్‌లోనా?"

"నవ్వు నవ్వు. నీ కోసమే ఇదంతా."

"అడగలేదుగా నన్ను."

"ఇందులో అడగడానికేముందే? పొగొస్తోంది, మూస్తున్నాను."

మొదటి వారం రాజభోగం. హారన్లు ఎక్కడో పక్కూళ్ళో మోగుతున్నట్టు వినిపించాయి. బాబాయ్ రోజూ డ్యూటీ నుంచి రాగానే చెప్పులు విప్పకుండానే టీవీ మీద వేలు పెట్టి రాసేవాడు. వేలు శుభ్రంగా ఉండేది. ఆ వేలు పిన్నికి చూపించేవాడు. పిన్ని తలూపేది.

ముల్లు మాత్రం రెండొందల ముప్ఫై ఐదు చూపించింది. తర్వాత ముప్ఫై. నెల తిరిగేసరికి రెండొందల ఇరవై.

బాబాయ్‌కి బుర్ర పనిచెయ్యలేదు. దుమ్ము లేదు, పొగ లేదు, మరి ముల్లెందుకు దిగుతోంది? ఎక్కడో ఒక సందు మిగిలిపోయి ఉంటుందని అగ్గిపుల్ల గీసి గోడలెంట తిరిగాడు. మంట అటూ ఇటూ కదలనే లేదు. ఇంట్లో మాత్రం ఏదో మార్పొచ్చింది. పొద్దున్నే లేస్తే ఇద్దరికీ తల దిమ్ముగా ఉంటోంది. సోమవారం వేయించిన వేపుడు వాసన గురువారం దాకా ఉంటోంది. వంటిల్లు పక్క గోడకి చెమ్మ పట్టింది. లోపల చిక్కుకున్న నాలుగు దోమల కోసం సాయంత్రం కాయిల్ వెలిగిస్తే ఆ పొగ ఎటూ పోలేక పొద్దుటిదాకా వీళ్ళతోనే పడుకుంటోంది. ఇవన్నీ ఎదురుగానే ఉన్నాయి. కానీ ఆయన చూపంతా బయటి బస్సుల మీదే ఉంది. అలిసిపోయిన మనిషికి ఒకటే తోస్తుందండీ, తనకి వచ్చిన పనే ఇంకా గట్టిగా చెయ్యడం. ఇంకో వరస రబ్బరు అంటించాడు.

ఒకరోజు స్టోరేజీలో కరెంటు పోయి పెందలాడే ఇంటికొచ్చాడు. వచ్చి చూస్తే, వంటింటి కిటికీ బార్లా తెరిచుంది. పట్టీ ఊడబీకి సింకులో పడేసుంది. గట్టు మీద నల్లటి మసి. కింద బస్సు ఒకటి పొగ కక్కుతోంది, అది తిన్నగా లోపలికే వస్తోంది. పిన్ని కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఆయాసపడుతోంది.

"ఎవరే పీకింది?"

"దొంగలు. రబ్బరు దోచుకుపోదామని వచ్చారు, మీ అడుగుల చప్పుడు విని పారిపోయారు."

"వేళాకోళమా? ఎన్నాళ్ళ నుంచి జరుగుతోంది ఇది?"

"మూడు వారాల నుంచి. మీరటు వెళ్ళాక కాసేపు తీస్తాను, పొగ పట్టలేక మసి తుడిచేసి మళ్ళీ అంటిస్తాను. ఇవాళ దొరికిపోయాను."

"అందుకే ముల్లు దిగుతోంది! నేను మూయడం, నువ్వు తెరవడం! నీ కోసం నేను చస్తుంటే..."

"లోపల నేను చస్తున్నానండీ!" పిన్ని అరిచింది, అరిచి దగ్గింది, దగ్గి కుర్చీలో కూలబడింది. కాసేపటికి నెమ్మదిగా అంది, "మూస్తే ఊపిరాడట్లేదు. తెరిస్తే పొగ. రోజూ ఈ కిటికీ దగ్గర నిలబడి దేంతో పోదామా అని ఆలోచిస్తున్నా. మీకేం, పొద్దున్నే వెళ్ళిపోతారు. నన్ను సరుకు పెట్టినట్టు పెట్టి తలుపేసుకుని పోతారు."

బాబాయ్ సింకులో పట్టీ తీసి కడిగి, ఆరేసి, మళ్ళీ అంటించాడు. పిన్ని మొహం అటు తిప్పుకుంది. చెల్లెలికి ఫోను చేసి, "బండి ఎన్నింటికే?" అని అడగడం ఆయనకి వినబడింది.

మర్నాడు డ్యూటీలో బాబాయ్ మూడో నంబరు గది తలుపు దగ్గర కూర్చున్నాడు. అందులో బంగాళాదుంపలు, గోనె సంచులు పైకప్పు దాకా. పట్టీ మార్చి, కాగితం పెట్టి లాగాడు, చిరిగింది. ఈలోపు స్టోర్ కీపరమ్మ వచ్చింది. చెవుల దాకా ఉన్ని టోపీ, చేతిలో తాళాల గుత్తి. వచ్చీ రాగానే బాబాయ్ అప్పుడే బిగించిన తలుపుని బార్లా తీసి, గోడకున్న పెద్ద ఫ్యాను స్విచ్చి వేసింది.

బాబాయ్‌కి ఎక్కడలేని కోపమొచ్చింది. నిన్నటిది కూడా కలిసొచ్చింది. "ఏమ్మా, ఇప్పుడే కదా బిగించాను! ఇంట్లో ఆవిడ తీస్తుంది, ఇక్కడ నువ్వు తీస్తావు. నేను పనెందుకు చెయ్యడం?"

"రోజూ ఈ టైముకి తీస్తాను కద బాబాయ్, ఇవాళే చూస్తున్నావా? చల్లపూట పావుగంట కొత్త గాలి పెట్టాలి."

"ఎందుకు పెట్టాలంట?"

"దుంపలు ఊపిరి పీలుస్తాయి బాబాయ్. అవి వదిలిన గాలే అవి మళ్ళీ పీల్చాయనుకో, లోపల్లోపల చెడిపోతాయి. పైకి నిగనిగలాడుతుంటాయి, కోసి చూస్తే గుండెల్లో నల్లగా. నీ బిగింపు మంచిదే, కాదన్ను. కానీ నువ్వు ఎంత బాగా బిగిస్తే నేను అంత గుర్తుపెట్టుకుని తియ్యాలి."

ఫ్యాను తిరుగుతోంది. గదిలోంచి మట్టివాసన బరువుగా బయటికొస్తోంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఫ్యాను పక్కనే ఆయన టీ తాగాడు. ఒక్కరోజూ అదెందుకని అడగలేదు. తన పని తలుపు, లోపల ఏమున్నా తనకనవసరం.

"ఏంటి బాబాయ్, అలా అయిపోయావు? కూర్చో."

"దుంపలకున్న పాటి గాలి మా ఆవిడకి లేదు," అని తన టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పులు గుమ్మం బయటే విప్పాడు. టీవీ వైపు వెళ్ళలేదు. పిన్ని పక్కన కూర్చున్నాడు.

"ఎక్కడ ఊపిరాడుతుందే నీకు, ఈ ఇంట్లో?"

పిన్ని ఆయన వైపు వింతగా చూసింది. ఆ ప్రశ్న ఇన్నాళ్ళకి ఇప్పుడు పడింది మరి. "పడగ్గదిలో, బీరువా పక్కన నిలబడితే కొంచెం. దాని వెనక కిటికీ ఉంది, మీకు గుర్తుందా? దాని సందుల్లోంచి కాస్త గాలొస్తుంది. రోడ్డు అటు కాదు."

ఉంది నిజంగానే. రెండిళ్ళ మధ్య సందులోకి తెరుచుకునే చిన్న కిటికీ. బీరువా అడ్డం పెట్టి పదేళ్ళు దాటింది. బాబాయ్ బీరువా అంతా ఖాళీ చేశాడు, కాళ్ళ కింద సబ్బు రాసి అంగుళం అంగుళం జరిపాడు. నడుం పట్టేసింది. గడియ తుప్పు పట్టి ఒక పట్టాన రాలేదు. సుత్తితో కొడితే ఒక్కసారి తెరుచుకుంది. ఎదురింటి కిటికీలో ఒక ముసలావిడ అల్లికసూదులతో కూర్చునుంది, ఉలిక్కిపడింది.

"హమ్మయ్య, అటు మనుషులున్నారా? ఇన్నాళ్ళూ గోడనుకున్నానయ్యా!"

తర్వాత వంటింట్లో కన్నానికి కొట్టిన రబ్బరు షీటు చింపేశాడు. ఫ్యాను వేశాడు. వెనక కిటికీ దగ్గర దారప్పోగు పట్టుకుంటే లోపలికి ఎగిరింది, వంటింటి ఫ్యాను దగ్గర పట్టుకుంటే బయటికి ఎగిరింది. సందులో గాలి స్వర్గమేం కాదు. కానీ అది బస్సు మొహం మీద కక్కిన గాలి కాదు. ఒక దారిన లోపలికొచ్చి ఇంకో దారిన పోతోంది, వేపుడు వాసన కూడా దాంతోటే పోయింది.

ఇక మిగతావన్నీ పిన్నే చెప్పింది, ఆయన చేశాడు. రోడ్డు వైపు కిటికీలు బళ్ళు ఎక్కువున్న వేళల్లో మూసే ఉంటాయి, ఆ రబ్బరు అక్కడ పనికొచ్చింది. తెల్లారగట్ల రోడ్డు పల్చగా ఉన్నప్పుడు అరగంట అన్నీ తీస్తారు. పొయ్యి వెలిగిస్తే ఫ్యాను తిరగాల్సిందే. చీపురుతో దుమ్ము లేపడం మానేసి తడిబట్టతో తుడవడం. కాయిల్ పోయి దోమతెర వచ్చింది. తెల్లారగట్ల లేచి కిటికీలు తీసే పని బాబాయ్‌దే. డ్యూటీకి వెళ్ళే లోపే సగం అలిసిపోయేవాడు.

ముల్లు మెల్లగా ఎక్కింది. రెండొందల ముప్ఫై ఐదు. యాభై. ఒకరోజు రోడ్డు తవ్వారు, మళ్ళీ దిగింది. మళ్ళీ ఎక్కింది. రెండు నెలలు నిండిన రోజు డాక్టరమ్మ ముందు పిన్ని మూడుసార్లు ఊదింది. మూడుసార్లూ రెండొందల ఎనభై దగ్గరే ఆగింది.

"మూడొందలు రాలేదు," అంది డాక్టరమ్మ. "కానీ దారిలో పడింది. మందులు ఆపొద్దు. వెళ్తానంటే వెళ్ళండి, మంచిదే. ఉంటానంటే నెల తర్వాత మళ్ళీ రండి. ఇక నేను బలవంతం చెయ్యను, మీ ఊపిరి మీకే తెలుస్తుంది."

బయట బస్‌స్టాపులో బాబాయ్ బెంచీ మీద కూలబడ్డాడు. "ఇరవై తక్కువైందే," అన్నాడు నేల చూస్తూ. "పద, సర్దుకుందువుగాని."

"చెల్లికి ఫోన్ కలపండి."

కలిపి ఇచ్చాడు. మొహం అటు తిప్పుకున్నాడు.

"ఒసే, ఈ నెల రావట్లేదే... లేదు, పూర్తిగా తగ్గలేదు... ఆ, నువ్వు చెప్పిందీ నిజమే. కానీ మీ బావగారు ఇప్పుడిప్పుడే చెప్పిన మాట వినడం నేర్చుకుంటున్నారు. మధ్యలో వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తారు." ఫోను పెట్టేసి ఆయన వైపు తిరిగింది. "వినండి. ఇవాళ్టి నుంచి ఏది ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో నేను చెప్తా. నన్నడక్కుండా రబ్బరు ముట్టుకున్నారో, ఆ పూట బండికే వెళ్ళిపోతా."

"సరే."

"వచ్చే నెల ముల్లు కిందికి దిగినా వెళ్తా. అప్పుడు ఇలా మొహం పెట్టకూడదు."

"సరేనన్నానుగా."

బస్సొచ్చింది. కాలు పెట్టే చోటు లేదు. పిన్ని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది, బాబాయ్ ఆవిడ వెనక నిలబడి పైకమ్మీ పట్టుకున్నాడు.

ఇంతేనండీ. మీకు తెలిసినవాళ్ళెవరైనా పొగకి భయపడి ఇల్లంతా బిర్రుగా మూసుకుని కూర్చున్నారనుకోండి, వాళ్ళకి ఇది పంపించండి. పంపి ఊరుకోకండి, ఒకసారి ఫోన్ చేసి, లోపలున్న మనిషికి ఊపిరాడుతోందో లేదో కూడా అడగండి. ఉంటాను మరి.