దానంతటదే నిండే పాస్‌వర్డు

"నింపుకునిందా అది?" వంటింట్లోంచి సుబ్బరత్నమ్మ కేకేసింది.

"ఇంకా లేదత్తా," అంది వనజాక్షి. పెరటివైపు రేకుల వసారాలో ప్లాస్టిక్ కుర్చీ మీద ల్యాప్‌టాప్ పెట్టి, తాను కింద చాప మీద కూర్చుంది. రేకుల వేడి నడినెత్తిన దిగుతోంది. బయట చేరి ఇది రెండో రోజు. నెలనెలా మూడు రోజులు ఈ ఇంటి కోడలు ఈ రేకుల కిందే ఉండాలి. కుండ ముట్టకూడదు, పొయ్యి ముట్టకూడదు, దేవుడి గూటి వైపు కన్నెత్తకూడదు. ఇంటివాళ్ళ డ్రిప్పు సామాన్ల అంగడి పని మాత్రం చేయొచ్చు. డ్రిప్పు పైపుల కంపెనీకి ఆర్డర్లు పెట్టొచ్చు, మామ బయ్యన్న పంటబీమా ఎంతవరకు వచ్చిందో చూడొచ్చు, ఇంటిల్లిపాది కరెంటు బిల్లులూ కట్టొచ్చు. ఆహా, ఎంత తెలివైన మైల! అన్నం కుండకు అంటుకుంటుంది గానీ అంగడి ఆర్డరుకు అంటదు.

చిక్కల్లా పాస్‌వర్డుల దగ్గరే వచ్చింది. ఆ ఇంట్లో ఏ పాస్‌వర్డయినా ఇంటిదేవుడు నరసింహస్వామి పేరుతోనే మొదలవ్వాలి. అది బయ్యన్న పెట్టిన కట్టుబాటు. కొత్త ట్రాక్టరుకు నిమ్మకాయలు కట్టినట్టే, కొత్త లాగిన్‌కు స్వామి పేరు. బయటున్న ఆడది స్వామి పేరు పలకరాదు, రాయరాదు. మరి కీబోర్డు మీద కొట్టొచ్చా? ఆ సంగతి పోయిన ఎండాకాలం దాకా ఎవరికీ తట్టలేదు. ఆ ఎండాకాలంలో, ఇలాంటి రెండో రోజే, కంపెనీ స్టాకు అయిపోతోందని మొగుడు కిరణ్ తొందరపెడితే వనజాక్షి గబగబా పేరు కొట్టి ఆర్డరు పెట్టింది. ఆ వారమే కింది చేనులో బోరు వేయించారు. ఎంత లోతు పోయినా తెల్లటి దుమ్మే లేచింది. బండివాళ్ళు సామాను సర్దుకుంటుంటే సుబ్బరత్నమ్మ ఆ దుమ్ములోనే నిలబడి నలుగురూ వినేట్టు అంది: "మైల చేత్తో స్వామి పేరు కొడితే నీళ్ళు యాడ పడతాయప్పా?"

పక్క చేను అంజినప్ప బోరు కూడా అదే నెల ఎండింది. పాపం, వాళ్ళింట్లో కంప్యూటరే లేదు. ఆ మాట వనజాక్షి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆగిపోవడమే కాదు, లోపల ఎక్కడో ఒక మూల, నిజంగా నా చెయ్యేనేమో అనే భయం కూడా దూరి కూర్చుంది. బత్తలపల్లెలో ఎవరి బోరు ఎండిందని విన్నా ఇప్పటికీ ఆమె తన వేళ్ళ వైపే చూసుకుంటుంది.

"నాకు ఇయన్నీ నమ్మకం లేదు వనజా," అన్నాడు కిరణ్ ఆ రోజు. "అమ్మ బాధపడ్తాది గదా, సర్దుకో." సర్దుకోవడానికి ఒక ఉపాయం కూడా తెచ్చాడు. పాస్‌వర్డులన్నీ దాచిపెట్టుకుని, పేజీ తెరవగానే దానంతటదే నింపే సాఫ్ట్‌వేర్. "ఇంక నువ్వు ముట్టే పనే లేదు." అత్తకు సంతోషం, మామకు సంతోషం. మూడు రోజుల పనీ ఆగదు, స్వామికీ మైల అంటదు. నాలుగో రోజు సుబ్బరత్నమ్మ ల్యాప్‌టాప్ మీద పసుపునీళ్ళు చల్లబోతే "కాలిపోతాదమ్మా!" అని కిరణ్ అడ్డం పడ్డాడు. అప్పటినుంచి పసుపుగుడ్డతో ఒత్తి తుడుస్తుంది. కీల సందుల్లో ఆ పసుపు పోలేదు.

ఆ సాఫ్ట్‌వేరేమో ఒక రోజు నింపేది, ఒక రోజు మొండికేసేది. దాని రోగాలన్నీ వనజాక్షే పట్టింది. బ్రౌజరు కూడా సొంతంగా పాస్‌వర్డులు దాస్తూ దీనితో పోటీ పడుతోందని కనిపెట్టి, దాన్ని ఆపేసింది. సైటు చిరునామా మారినా పాత చిరునామానే పట్టుకుని కూర్చుంటే సరిచేసింది. ఇంత చేసినా ఇంట్లో దానికి పేరు 'మావాడు పెట్టిన మిషను'.

ఇవాళ అది అంగడి సైట్లన్నీ నింపింది. వనజాక్షిది ఒక్కటే నింపలేదు.

మధ్యాహ్నం రెండింటికి ఆన్‌లైన్ పరీక్ష. అనంతపురంలో ఒక ఆడిట్ ఆఫీసులో అకౌంట్సు ఉద్యోగం. రోజూ బస్సులో పోయి రావచ్చు. డిగ్రీలో తనతో చదివిన సారా అక్కడే పనిచేస్తూ, పట్టుబట్టి దరఖాస్తు పెట్టించింది. ఖాతా తెరిచింది మాత్రం కిరణ్. స్వామి పేరు పాస్‌వర్డుగా పెట్టి, తన ఫోను నంబరే ఇచ్చాడు. "రాసుకో, ఎవరొద్దన్నారు?" అని కూడా అన్నాడు. పోయిన వారం నమూనా పరీక్షకు అదే చక్కగా నింపింది. ఇవాళ గళ్ళు ఖాళీ. వేరే పాస్‌వర్డు పెట్టుకుందామంటే ఓటీపీ పోయేది కిరణ్ ఫోనుకే. ధర్మవరం పోయిన అతనికి ఫోను చేసింది.

"సర్వరు బిజీ ఉంటాదిలే. ఓటీపీలు చూసే టైము నాకు యాడుంది? ఇది గాకపోతే ఇంగోటి," అని పెట్టేశాడు.

రెండు కావస్తోంది. సారాకు చేసింది.

"చేత్తో కొట్టి చూడవే," అంది సారా.

"కొట్టగూడదు."

"యాలా? వేళ్ళు విరిగినాయా?"

వనజాక్షి ఒకసారి వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించింది. చివరికి చెప్పేసింది. స్వామి పేరు, మైల, బోరు, అన్నీ. బయటి మనిషికి చెబుతుంటే ఆ మాటలు తన చెవికే ఎంత సిగ్గుగా వినిపించాయో. సారా నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండు అనిపించింది.

"సరే. సెట్టింగుల్లోకి పో," అంది సారా మెల్లగా. "నింపగూడని సైట్లు అని ఒక చోటు ఉంటాది. ఏమన్నా ఉండాదా ఆడ?"

ఉంది. ఒకే ఒక్క సైటు. ఆమె పరీక్ష రాసే సైటు.

"ఇది దానంతటదే ఈడికొచ్చి చేరుతుందా సారా?"

"చేరదు. ఎవరో ఒకరు పెట్టాల్సిందే."

ఇంట్లో ఆ ల్యాప్‌టాప్ నడిపేది ఇద్దరే. ఆదివారం కిరణ్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "అప్‌డేట్ చేస్తాండా, టీ పట్రా," అన్నాడు. టీ ఇస్తుంటే తలెత్తకుండానే అడిగాడు: "ఈ నెల ఎప్పుడు బయట చేరతావు?" పెళ్ళయినాక అతను ఆ మాట అడగడం అదే మొదలు. నా ఒంటి సంగతి పట్టించుకున్నాడే అని మురిసిపోయింది పిచ్చిది. పరీక్షనాటికి బయటే ఉంటానని చెప్పి, ఆ పూట అతనికిష్టమని ఓళిగలు కూడా చేసిపెట్టింది. నమ్మకం లేనివాడు ఆమె భయాన్ని తాళంకప్పలా వాడుకున్నాడు. వద్దని ఒక్క మాట అనలేదు. అంటే ఆమె ఎదురు చెప్పేది, పోట్లాడేది. అతనికి ఆ శ్రమ కూడా లేకుండా పోయింది.

"వింటాండావా? ఆ సైటు పక్కన గుర్తు నొక్కు, పోతాది. మళ్ళా అదే నింపుకుంటాది. బిరీన కానీ," అంది సారా.

ఫోను పక్కన పెట్టింది. బాణం ఆ గుర్తు మీదే ఉంది. ఒక్కసారి నొక్కితే చాలు. పేరు దానంతటదే నిండుతుంది, పరీక్ష తెరుచుకుంటుంది, చెయ్యి మైల కాదు, ఎవరికీ తెలియదు. వచ్చే నెల మళ్ళీ ఈ చాపే, ఈ రేకులే.

బాణాన్ని పక్కకు జరిపేసింది.

భయం లేక కాదు. కింది చేనులో లేచిన తెల్లటి దుమ్ము కళ్ళ ముందు కదిలింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ స్వామి పేరు మొత్తం చేత్తో కొట్టింది. చూపుడువేలికి పసుపు అంటింది. పేజీ తిరిగి తిరిగి, తెరుచుకుంది. పైన ఆకాశంలో మబ్బు తునక లేదు, నిన్న ఎట్లుందో అట్లే ఉంది.

సుబ్బరత్నమ్మ సంగటి పళ్ళెం తెచ్చి, గడప దాటకుండా వంగి వసారాలోకి తోసింది.

"నింపుకునిందా అది?"

ఊఁ అంటే చాలు, ఈ పూట గడిచిపోతుంది. వనజాక్షి పరీక్షలో మొదటి ప్రశ్న మీంచి తలెత్తి అత్త కళ్ళలోకి చూసింది.

"లేదత్తా. నేనే కొట్టినా."